నొప్పి అనే కావలివాడు

మన ప్రార్థనల్లో ఎన్నో మేలుల నిమిత్తం దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తాం. చూపునిచ్చినందుకు, వినికిడినిచ్చినందుకు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నందుకు స్తుతిస్తాం. అయితే నొప్పి తెలిసే శరీరాన్ని ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పిన వారిని మీరెప్పుడైనా చూశారా? నొప్పి పోవాలని ప్రార్థించేవారే గాని, నొప్పి ఉన్నందుకు స్తుతించేవారు అరుదు. అది సహజమే. నడుము నొప్పితో వంగలేని తల్లికి, కీళ్ళ వాపుతో రాత్రంతా నిద్రపట్టని తాతకు నొప్పి వరమని చెబితే వారికి బాధే కలుగుతుంది.

అయినా ప్రియ చదువరీ, ఈ నొప్పి అనేది ఎక్కడ పుడుతుంది? గాయమైన చోట చేయి తగిలితేనే ఎందుకు ప్రాణం జివ్వుమంటుంది? కొందరికి గాయం మానిపోయినా నొప్పి ఎందుకు పోదు? గత ముప్పై ఏళ్ళలో శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలకు చాలా వరకు జవాబులు కనుగొన్నారు. ఆ జవాబులు తెలుసుకుంటే సృష్టికర్త జ్ఞానాన్ని చూసి ఆశ్చర్యపోవడమే కాదు, మన ఇళ్ళల్లో నొప్పితో ఉన్నవారిని చూసే తీరు కూడా మారుతుంది.

కావలివాడు లేని ఇల్లు

నొప్పి విలువ తెలియాలంటే అది లేనివారిని చూడాలి. పాల్ బ్రాండ్ అనే వైద్యుని పేరు మన సంఘాల్లో చాలామంది విన్నారు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించాడు. ఇంగ్లండులో శస్త్రవైద్యం నేర్చుకొని 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. ఆ రోజుల్లో కుష్ఠురోగుల వేళ్ళు రోగం వల్ల వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అందరూ నమ్మేవారు. వైద్యులు కూడా అలాగే అనుకునేవారు.

బ్రాండ్ సంవత్సరాల తరబడి పరిశీలించి వేరే సంగతి కనుగొన్నాడు. కుష్ఠు క్రిములు చేతులకూ కాళ్ళకూ పోయే నాడులను చంపుతాయి. నాడి చచ్చిన చోట నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు కాలుతున్న గిన్నెను వట్టి చేతితో దించుతాడు. కాలిలో మేకు దిగినా నడుస్తూనే ఉంటాడు. పుండు పడిన వేలితోనే పార పట్టి పనిచేస్తాడు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా మెలకువ రాదు. అందుకే రోగులు ఇళ్ళకు వెళ్ళేటప్పుడు పిల్లిని తోడు ఇచ్చి పంపించారు. వేళ్ళను పోగొట్టింది చాలావరకు నొప్పి లేకపోవడమేనని బ్రాండ్ చూపించాడు.

పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లలు కూడా ప్రపంచంలో అక్కడక్కడ ఉన్నారు. పళ్ళు వచ్చే వయసులో వారు తమ నాలుకను, వేళ్ళను తామే కొరుక్కుంటారు. ఎముక విరిగినా ఏడవరు. వారిలో ఒక రకం పిల్లలకు చెమట కూడా పట్టదు గనుక జ్వరం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. 1996లో జపాను పరిశోధకులు ఈ రకం వ్యాధికి కారణమైన జన్యువును కనిపెట్టారు. ఆ జన్యువు తయారుచేసేది ఒక కైనేజును. ఈ కైనేజు అనే మాటను గుర్తుపెట్టుకోండి. కొద్దిసేపట్లో మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

మిరపకాయ చెప్పిన సంగతి

మన వెన్నెముక పక్కన, రెండు వైపులా చిన్న చిన్న ముడుల్లో జ్ఞాన నాడీకణాలు కాపురముంటాయి. ఒక్కొక్క కణం నుండి సన్నని దారం వంటి పోగు బయలుదేరి చర్మం దాకా, కాలి బొటనవేలి దాకా పోతుంది. ఆ పోగు చివర నొప్పిని పసిగట్టే ద్వారాలుంటాయి. ద్వారం తెరుచుకుంటే సోడియం, కాల్షియం అయాన్లు కణంలోకి దూసుకువస్తాయి. అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది గనుక అది ఒక చిన్న కరెంటు. ఆ కరెంటు తగినంత అయితే నాడి మేల్కొని వెన్నుపాముకు, అక్కడ నుండి మెదడుకు వార్త పంపుతుంది. ద్వారం తెరుచుకోకపోతే వార్త లేదు, నొప్పీ లేదు.

ఇంత చిన్న కరెంటును కొలవడం ఎలా? జర్మనీ శాస్త్రవేత్తలు ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో ఒక ఉపాయం చూపారు. వెంట్రుక కంటే ఎంతో సన్నని మొన గల గాజు గొట్టాన్ని కణం పొరకు అంటించి, ఒక్క ద్వారం గుండా పోయే కరెంటును కూడా కొలిచారు. దీనికి వారికి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. నొప్పి గురించి ఇక్కడ చెప్పబోయే సంగతుల్లో చాలా భాగం ఆ గాజు గొట్టం ద్వారానే తెలిసింది.

ఇక ఆ ద్వారం ఏమిటో చూపించింది మిరపకాయ. కారానికి కారణం క్యాప్సేసిన్ అనే పదార్థం. అది నాలుకకు తగిలినా, కోతకు వెళ్ళిన కూలి తల్లుల చేతులకు తగిలినా మంట పుడుతుంది. అక్కడ నిప్పు లేదు. మరి మంట ఎక్కడిది? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనికి జవాబు కనుగొంది. నాడి చివర ఉన్న ఒక ద్వారానికి క్యాప్సేసిన్ వెళ్ళి అతుక్కొని దాన్ని తెరుస్తుంది. అదే ద్వారం దాదాపు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది. పులుపుకు, అనగా ఆమ్లానికి కూడా స్పందిస్తుంది. కారాన్నీ నిప్పునూ నాడి ఒకే ద్వారం గుండా తెలుసుకుంటుంది గనుకనే మనం కారం తిని "నోరు కాలిపోతోంది" అంటాం. ఈ ద్వారానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టి.ఆర్.పి.వి.1. ఈ పనికి జూలియస్‌కు, స్పర్శను తెలిపే ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

రామచిలుక పండు మిరపకాయను హాయిగా తినడం మనం చూస్తూనే ఉన్నాం. పక్షులకూ ఈ ద్వారం ఉంది, వేడిని పసిగడుతుంది. కాని క్యాప్సేసిన్‌కు లొంగదు. అందుకే పక్షి కారం తెలియకుండా కాయను మింగి గింజలను దూరాన విడుస్తుంది.

తూము, లష్కరు, చీల

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ద్వారం ఎప్పుడూ ఒకే విధంగా తెరుచుకుంటే, నొప్పి కూడా ఎప్పుడూ ఒకేలా ఉండాలి. అలా ఉండదని మనకందరికీ తెలుసు. మామూలు రోజున గోరువెచ్చని నీళ్ళు ఒంటికి సుఖంగా ఉంటాయి. ఎండకు కమిలిన వీపు మీద అవే నీళ్ళు పోస్తే కెవ్వుమంటాం. నీళ్ళు మారలేదు. మారింది నాడి.

కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తూముకు షట్టరు ఉంటుంది. దాన్ని ఎంత ఎత్తాలో చూసేవాడు లష్కరు. కాలువలో నీరు అంతే ఉన్నా, లష్కరు షట్టరు కింద ఒక చీల పెట్టి సందు ఉంచితే పొలంలోకి ఎక్కువ నీరు వస్తుంది. చీల తీసేస్తే షట్టరు దిగుతుంది.

మన కణాల్లో ఈ లష్కరు పని చేసేవే ప్రోటీన్ కైనేజులు. ఇవి కూడా ప్రోటీన్లే. వీటి పని ఒక్కటే: ఫాస్ఫేట్ అనే చిన్న ముక్కను తెచ్చి వేరొక ప్రోటీను మీద ఒక నిర్ణీత స్థానంలో అతికించడం. ఆ ఫాస్ఫేటే చీల. అది అతుక్కోగానే ఆ ప్రోటీను ఆకారం కొద్దిగా మారి, దాని పని వేగం మారుతుంది. ఫాస్ఫటేజులు అనే వేరే ప్రోటీన్లు ఆ చీలను ఊడదీసి మళ్ళీ మొదటి స్థితికి తెస్తాయి. పెట్టడం, తీయడం అనే ఈ ఏర్పాటును అమెరికాలోని సియాటిల్‌లో 1950లలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరాలను పరిశీలిస్తూ కనుగొన్నారు. వారికి 1992లో నోబెల్ బహుమతి లభించింది. మనిషి దేహంలో ఐదు వందలకు పైగా కైనేజులున్నాయని ఇప్పుడు తెలుసు.

మరి కైనేజుకు ఆ ఫాస్ఫేట్ ముక్క ఎక్కడ నుండి వస్తుంది? ఏ.టి.పి. అనే పదార్థం నుండి. ఆ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కే, ఆయనతో కలిసి పనిచేసిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. బోదకాలుకు నేటికీ వాడే మందు కూడా ఆయన నాయకత్వంలోనే వెలువడింది. ప్రపంచంలో ఏ మనిషి శరీరంలో నొప్పి పెరిగినా తగ్గినా, అందులో ఆయన కనుగొన్న పదార్థం పాత్ర ఉందన్నమాట.

దెబ్బ తగిలిన చోట ఏం జరుగుతుంది?

కొడవలి జారి వేలు తెగిందనుకుందాం. మొదట చురుక్కుమనే నొప్పి వస్తుంది, వెంటనే చేయి వెనక్కి లాగుకుంటాం. కాసేపటికి ఆ చోట ఎర్రబడి, వాచి, సలుపు మొదలవుతుంది. తెగిన కణాల నుండి, రక్తం నుండి, రక్షణకు పరుగెత్తుకొచ్చిన తెల్లకణాల నుండి అనేక రసాయనాలు అక్కడ చేరతాయి. వాటిలో మూడింటిని చూద్దాం.

మొదటిది బ్రాడీకైనిన్. బ్రెజిల్ దేశంలో 1949లో పాము విషాన్ని పరిశోధిస్తున్నప్పుడు ఇది బయటపడింది. బ్రాడీకైనిన్ నాడి పొర మీద తన గ్రాహకాన్ని తట్టగానే, లోపల ప్రోటీన్ కైనేజ్ సి అనే లష్కరు మేల్కొంటాడు. కారం ద్వారం సుమారు 840 అమైనో ఆమ్లాలు వరుసగా పేర్చిన గొలుసు. అటువంటి నాలుగు గొలుసులు కలిస్తే ఒక ద్వారం. ఆ గొలుసులో 502వ స్థానం, 800వ స్థానం ఈ కైనేజు చీల పెట్టే చోట్లు. చీల పడగానే అదే వేడికి ఎక్కువ కరెంటు ప్రవహిస్తుంది. అంతకంటే తక్కువ వేడికే ద్వారం తెరుచుకుంటుంది.

ద్వారం జన్యువు ఇంకా చేతికి రాకముందే, 1996లో పాలో సెజారె, పీటర్ మెక్‌నాటన్ ఎలుక నాడీకణాల్లో వేడికి పుట్టే కరెంటును కొలిచి, బ్రాడీకైనిన్ దాన్ని పెంచుతుందనీ ఆ పని ప్రోటీన్ కైనేజ్ సి ద్వారా జరుగుతుందనీ చూపించారు. 2002లో జపాను పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. బ్రాడీకైనిన్ సమక్షంలో ఆ ద్వారం తెరుచుకునే వేడి మన సాధారణ దేహపు వేడి, అనగా 37 డిగ్రీల కంటే కూడా కిందికి దిగగలదని ప్రయోగశాలలో చూపించారు. దీని అర్థం గ్రహించండి. వాచిన చోట ద్వారాన్ని తెరవడానికి బయట నుండి నిప్పు అక్కరలేదు; మన ఒంటి వేడే చాలు. ఎవరూ ముట్టుకోకపోయినా పుండు సలపడానికి ఇది ఒక కారణం.

రెండవది ప్రోస్టాగ్లాండిన్. ఇది ప్రోటీన్ కైనేజ్ ఎ అనే మరొక లష్కరును లేపుతుంది. మామూలుగా ఈ ద్వారం కొంతసేపు తెరుచుకున్నాక అలసిపోయి తనంతట తాను మందగిస్తుంది. కారం తినగా తినగా మంట కొంత తగ్గినట్టు అనిపించడం అందువల్లనే. కైనేజ్ ఎ 116వ స్థానం వంటి చోట్ల చీల పెట్టి ఆ అలసటను రానివ్వదు. కావలివాడికి కునుకు పట్టకుండా చేస్తుందన్నమాట.

మూడవది నాడుల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీను. దీన్ని కనుగొన్నందుకు ఇటలీ దేశస్థురాలు రీటా లెవీ మోంటాల్చీని 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకుంది. దీన్ని అందుకునే గ్రాహకమే ఒక కైనేజు. పుట్టుకతో నొప్పి తెలియని పిల్లల్లో చెడిపోయి ఉందని పైన చెప్పుకున్నది దీన్నే. అది లేకపోతే కడుపులో ఉన్నప్పుడే నొప్పి నాడులు బ్రతికి నిలవవు. పెద్దయ్యాక ఇది వేరే కైనేజు చేత 200వ స్థానంలో చీల పెట్టిస్తుంది. అప్పుడు కణం లోపల దాచి ఉంచిన ద్వారాలు పొర మీదికి వచ్చి చేరతాయి. ఒక తూము ఉన్న గట్టుకు పది తూములు వేసినట్టు అవుతుంది.

ఇదంతా ఎందుకు? గాయం మానేవరకు ఆ వేలును మనం కాపాడుకోవాలని. ఆ చోట వాడకుండా, తగలనివ్వకుండా, కట్టు కట్టి పదిలంగా ఉంచుకోవాలని. ఈ ద్వారం లేకుండా పుట్టించిన చిట్టెలుకలను 2000లో పరిశీలించినప్పుడు, వాపు వచ్చిన పాదానికి వేడి తగిలినా వాటికి ఆ అదనపు మంట తెలియలేదు. గాయపడిన అవయవం మీద ఎక్కువ కావలి పెట్టే ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో చూడండి. సంఘంలో బలహీనమైన అవయవానికి ఎక్కువ శ్రద్ధ అవసరమని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు శరీరం పోలికతో బోధించాడు. ఆ శ్రద్ధ మన నాడి చివరన కూడా కనిపిస్తుంది.

అది నటన కాదు

మామూలుగా గాయం మానేకొద్దీ ఆ రసాయనాలు తగ్గుతాయి, ఫాస్ఫటేజులు చీలలు ఊడదీస్తాయి, నాడి నెమ్మదిస్తుంది. కాని అందరిలో ఇలా జరగదు. కీళ్ళవాతంలో వాపు ఏళ్ళ తరబడి ఉంటుంది. మధుమేహంలో నాడులే దెబ్బతింటాయి. సర్పి లేచి మానిన తర్వాత కొందరు ముసలివారికి ఆ చోట చీర కొంగు తగిలినా భరించలేరు. వెన్నుపాములోని నాడులు కూడా కైనేజుల ప్రభావం వల్ల అతి మెలకువతో ఉండిపోవచ్చు. అప్పుడు కావలివాడు దొంగ రాకపోయినా రాత్రంతా కేకలు పెడుతూనే ఉంటాడు.

ఇక్కడే మన కుటుంబాల్లో ఒక అన్యాయం జరుగుతున్నది. పైకి గాయం కనబడదు. ఎక్స్‌రే బాగానే ఉందంటారు. అత్తగారు, "పని తప్పించుకోవడానికి నాటకం" అంటుంది. భర్త విసుక్కుంటాడు. సంఘంలో ఒకరిద్దరు, "నీలో ఏదో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే ప్రార్థన చేసినా నొప్పి పోలేదు" అంటారు. ఆ సహోదరి నొప్పిని ఒక్కతే మోస్తూ, అబద్ధికురాలనే నిందను కూడా మోస్తుంది.

ప్రియులారా, తాకితేనే నొప్పి అనేవారి మాట కల్పన కాదు. వారి నాడుల్లో జరిగిన మార్పును గాజు గొట్టంతో కొలిచి చూపవచ్చునని పైన చదివారు. పుట్టుగుడ్డివానిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. యోబు స్నేహితులు ఏడు దినాలు మౌనంగా పక్కన కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకనే వారు అతనికి భారమయ్యారు. మన పరామర్శలు ఏ రకానివో ఆలోచించుకుందాం.

మందుల మాట

కొందరు విశ్వాసులు నొప్పి మాత్ర వేసుకోవడమే అవిశ్వాసమని భావిస్తారు. మరికొందరు ప్రతి చిన్న నొప్పికీ ఇంజక్షన్ పొడిపించుకుంటారు. రెండూ సరికావు. మంచి సమరయుడు గాయాలు కట్టి నూనె పోశాడు గాని, ఓర్చుకొమ్మని బోధించి పోలేదు.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ చూపించాడు. అది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతుంది. అనగా కైనేజ్ ఎ అనే లష్కరును లేపేవాడు రాకుండా చేస్తుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కూడా ఈ జాతివే. అయితే ప్రోస్టాగ్లాండిన్ కడుపు పొరను కాపాడుతుంది, మూత్రపిండాలకు రక్తం అందేలా చూస్తుంది. అందుకే ఈ మందులను నెలల తరబడి సొంతంగా వాడేవారికి కడుపులో పుండ్లు, మూత్రపిండాల చెడుపు వస్తాయి. కూలి పని మానలేక రోజూ మాత్ర మింగి పొలానికి పోయే తల్లులూ, ఈ మాట మీకే.

మరి కారం ద్వారాన్నే మూసేస్తే పోదా అని మందుల తయారీదారులు ఆలోచించారు. మనుషుల మీద పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితాల్లో, ఆ మందు తీసుకున్నవారిలో కొందరికి ఒంటి వేడి 40 డిగ్రీల దాకా పెరిగింది. అదే జాతి మందుల్లో మరికొన్ని మనిషికి వేడి తెలియకుండా చేసి, కాల్చుకునే అపాయం తెచ్చాయి. ఆ ద్వారం నొప్పికే కాదు, దేహపు వేడిని సరిచూడడానికి కూడా ఉందని అప్పుడు బాగా తెలిసివచ్చింది. కైనేజులను ఆపుదామంటే, అవి గుండెలోను మెదడులోను ప్రతి కణంలోను వేరే పనులు చేస్తున్నాయి. ఒక్క తూము దగ్గరి లష్కరును మాత్రమే ఆపడం ఎలాగా అని పరిశోధకులు నేటికీ శ్రమిస్తున్నారు. నొప్పి నాడుల్లో ఉండే మరొక సోడియం ద్వారాన్ని మూసే మందుకు 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మత్తు అలవాటు చేయని నొప్పి మందుల వైపు ఇది ఒక అడుగు.

పాల్ బ్రాండ్ దీనికి ఎదురు ప్రయత్నం చేశాడు. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. నొప్పి తెలియని రోగులకు యంత్రంతో నొప్పి కలిగించాలని అక్కడ ఆయన బృందం ఏళ్ళ తరబడి కష్టపడింది. చేతి తొడుగుల్లో ఒత్తిడిని పసిగట్టే పరికరాలు అమర్చారు. అపాయం వస్తే మోత వినబడేలా చేశారు. రోగులు ఆ మోతను లెక్కచేయలేదు. తర్వాత మోతకు బదులు కరెంటు షాకు పెట్టారు. అప్పుడు రోగులు ప్రమాదకరమైన పని చేయాలనుకున్నప్పుడల్లా మీట కట్టేసి, పని అయ్యాక మళ్ళీ వేసుకున్నారు. చివరికి ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. నొప్పి మన చేతిలో మీట లేనిది గనుకనే మనల్ని కాపాడుతున్నదని బ్రాండ్ గ్రహించాడు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన లేక ఎర్రని మచ్చ కనబడితే ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. కుష్ఠుకు మందులు ఉచితంగా ఇస్తారు. నాడులు చావకముందే వాడితే అంగవైకల్యం రాదు. దీన్ని దాచిపెట్టడం వల్లనే నష్టం.

షుగరు వ్యాధి ఉన్నవారు ప్రతి రాత్రి తమ అరికాళ్ళు చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనుమడో మనుమరాలో చూడాలి. చెప్పులు లేకుండా నడవకూడదు. వేడినీళ్ళను కాలితో కాకుండా ఇంట్లో వేరొకరి చేత ముట్టించి చూపించుకోవాలి. నొప్పి లేని పుండు నొప్పి ఉన్న పుండు కంటే ప్రమాదమని మరువకండి.

కాలిన గాయం మీద సిరా, పేస్టు, పేడ వంటివి పూయకండి. ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోండి.

మిరప కోతలో చేతులు మండితే వట్టి నీళ్ళతో కడిగినందువల్ల లాభం తక్కువ, ఎందుకంటే క్యాప్సేసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కొంచెం వంటనూనె రుద్ది సబ్బుతో కడగండి. ఆ చేతులతో కన్ను నలపవద్దు, పసిబిడ్డను తాకవద్దు. నోరు మండితే పాలో పెరుగో మంచిది.

గుండెల్లో బరువుగా నొప్పి, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, గట్టిపడిన పొట్ట, ఇవి మాత్రతో అణచుకునే నొప్పులు కావు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. డెంగ్యూ అనుమానం ఉన్న జ్వరంలో ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ జాతి మాత్రలు వాడకూడదు. పిల్లలకు డాక్టరు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

కావలి ముగిసే దినం

నొప్పి మంచిదా, చెడ్డదా? ఒక్క మాటలో చెప్పలేం. వేలును నిప్పు నుండి లాగించే నొప్పి దేవుడు పెట్టిన కావలివాడు. ఏళ్ళ తరబడి కారణం లేకుండా కేకలు వేసే నొప్పి, మూలుగుతున్న ఈ సృష్టిలోని చెడుపులో భాగం. మొదటిదాని కోసం దేవుని స్తుతిద్దాం. రెండవదానితో పోరాడే వైద్యులను, దాదులను, పరిశోధకులను ఆయన పనివారిగా ఎంచి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం. ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకొన్న పౌలుకు ముల్లు పోలేదు. కృప చాలినంతగా దొరికింది. ఆ కృప నేడు చాలామందికి పొరుగువారి చేతుల ద్వారానే చేరుతుంది. వంగలేని తల్లికి బిందెడు నీళ్ళు మోసి పెట్టడం, నిద్రపట్టని తాత పక్కన గంటసేపు కూర్చోవడం, "నీ మాట నమ్ముతున్నాను" అని చెప్పడం కూడా పరిచర్యే.

స్పర్శ పోయిన చేయి తన గాయాన్ని తానే ఎరుగదు. ఒక అవయవం బాధను మరొకటి ఎరుగని సంఘం కూడా అటువంటిదే. పక్క వీధిలోని కుటుంబం బాధపడుతుంటే మనకు చురుక్కుమనకపోతే, మనలో ఏదో నాడి చచ్చిపోతున్నదని భయపడాలి.

దేవుడు కన్నీటిని తుడిచే దినం, వేదన ఇక ఉండని దినం వస్తుందని మన నిరీక్షణ. ఆ పట్టణానికి గుమ్మాలు వేయవలసిన అవసరమే ఉండదని యోహాను చూసిన దర్శనం చెబుతుంది. అక్కడ కావలివానికి పని లేదు. అంతవరకు మన దేహంలోని కావలివాడు మెలకువగా ఉండును గాక. నొప్పితో ఉన్నవారి యెడల మన హృదయాలు కూడా మెలకువగా ఉండేలా ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక.